ఏడో నెల ఇంజెక్షన్

తడ నుంచి కావలి దాకా మన నెల్లూరు కోస్తా పల్లెల్లో తొలిచూలు ఆడబిడ్డకు సీమంతం చేసి, గాజులు తొడిగి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకొస్తారు. మొదటి కాన్పు అమ్మగారింట్లోనే జరగాలి. అది మంచి ఆనవాయితీ. అత్తగారింట్లో నీళ్ళు మోసి, వలలో చేపలు విడదీసి, ఎండబెట్టి అలిసిన పిల్లకు ఆ రెండు మూడు నెలలైనా అమ్మ చేతి అన్నం, కాస్త విశ్రాంతి దొరుకుతాయి.

అయితే ఆ ప్రయాణంలో ఒక వస్తువు దారిలో జారిపోతోంది. రక్తం నెగెటివ్ గ్రూపు అయిన గర్భిణికి 28వ వారంలో, అంటే ఏడో నెల దాటుతున్న సమయంలో, యాంటీ-డి అనే ఇంజెక్షన్ పడాలి. అత్తగారి ఊళ్ళో ఏఎన్ఎం ‘పుట్టింటికి పోతా ఉంది గదా, అక్కడ వేయిస్తారులే’ అనుకుంటుంది. పుట్టింటి ఊళ్ళో ఏఎన్ఎం రిజిస్టరులో ఈ అమ్మాయి పేరే ఉండదు. తల్లీబిడ్డల కార్డు అత్తగారి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. నొప్పులు మొదలయ్యాక ఆసుపత్రికి వచ్చినప్పుడు ‘నీ బ్లడ్ గ్రూపేంటమ్మా’ అని అడిగితే, ‘ఏదో చెప్పారు మేడం, గుర్తు లేదు’ అంటుంది. ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో.

ఇంతకీ నెగెటివ్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. అది జబ్బు కాదు. రక్తం తక్కువ ఉందని కాదు, రక్తంలో లోపం ఉందని అసలే కాదు. మన ఎర్ర రక్తకణాల పైపొర మీద కొన్ని గుర్తులుంటాయి. ఎ, బి అనే గుర్తులను బట్టి ఎ, బి, ఎబి, ఓ అనే గ్రూపులు ఏర్పడ్డాయి. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ఈ సంగతి లోకానికి చెప్పాడు. ఆయనే అమెరికా వెళ్ళాక 1940లో అలెగ్జాండర్ వీనర్‌తో కలిసి రీసస్ కోతుల రక్తంతో ప్రయోగాలు చేస్తూ ఇంకో గుర్తును పట్టుకున్నాడు. ఆ కోతి పేరు మీదుగానే దానికి ఆర్‌హెచ్ అని పేరొచ్చింది. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు డి. అది కణం మీద ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. మన దేశంలో నూటికి సుమారు 5 మంది నెగెటివ్ వాళ్ళు. యూరప్ సంతతి వాళ్ళలో నూటికి 15 మంది. కాబట్టి ‘పిల్ల నెగెటివ్ అంట’ అని సంబంధం వదులుకునేవాళ్ళకు నేను చెప్పేదొకటే. ఆ పిల్లకు ఏ లోటూ లేదు. ఆమెకు బిడ్డలు పుడతారు, ఆరోగ్యంగా పెరుగుతారు. కావలసిందల్లా ఆమె గ్రూపు ఏమిటో పెళ్ళినాటికే ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం, సమయానికి ఇంజెక్షన్ పడటం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, తల్లి నెగెటివ్ అయి తండ్రి పాజిటివ్ అయినప్పుడు. బిడ్డకు తండ్రి నుంచి డి గుర్తు రావచ్చు. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి రక్తం, బిడ్డ రక్తం మాయ దగ్గర పక్కపక్కనే పారుతాయి గానీ మామూలుగా కలవవు. కాన్పులో మాయ విడిపోయేటప్పుడు మాత్రం బిడ్డ రక్తం కొద్దిగా తల్లి ఒంట్లోకి వస్తుంది. కొన్ని చుక్కలు చాలు. తల్లి శరీరం ఎప్పుడూ చూడని డి గుర్తును చూసి, దాన్ని పరాయిదిగా ఎంచి, యాంటీబాడీలు తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది. అవి తయారు కావడానికి వారాలు పడుతుంది. అప్పటికి ఆ బిడ్డ బయటకొచ్చేసి ఉంటుంది గనుక దానికి ఏమీ కాదు. తొలి బిడ్డ బొద్దుగా, చక్కగా ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

రెండో బిడ్డ పాజిటివ్ అయితే తల్లి శరీరం పాత సంగతి మర్చిపోయి ఉండదు. ఈసారి చిన్న పరిమాణంలో ఉండే యాంటీబాడీలు వెంటనే తయారవుతాయి. అవి మాయను దాటి బిడ్డ రక్తంలోకి పోయి ఎర్రకణాలను విరగ్గొడతాయి. బిడ్డకు రక్తం తగ్గిపోతుంది. కొత్త కణాలు తయారుచేయాలని కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి. ముదిరితే బిడ్డ ఒళ్ళంతా నీరు పట్టి, గుండె చాలక, కడుపులోనే పోతుంది. బతికి బయటపడిన బిడ్డకు గంటల్లో కామెర్లు ముదురుతాయి. ఆ పసుపు మెదడుకెక్కితే వినికిడి పోవచ్చు, చేతులు కాళ్ళు బిగుసుకుపోవచ్చు. మూడో బిడ్డకు మరింత ముందే, మరింత తీవ్రంగా వస్తుంది. ‘మొదటోడు బాగానే పుట్టాడు, ఆ తర్వాత ఒక్కటీ నిలవలేదు’ అని మన పెద్దవాళ్ళు దిష్టినీ, గ్రహాలనూ, ఒక్కోసారి ఆ తల్లినే తప్పుపట్టిన ఇళ్ళలో, కొన్నిట్లోనైనా జరిగింది ఇదే అయి ఉంటుందని నా నమ్మకం.

ఈ రహస్యం మొదట ఒక తల్లి దుఃఖం వల్లే బయటపడింది. న్యూయార్కులో ఒకామెకు బిడ్డ కడుపులోనే పోయింది. రక్తస్రావం జరిగితే ఆమె భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే. అయినా ఎక్కించగానే ఆమెకు చలిజ్వరం, నొప్పులు మొదలయ్యాయి. ఫిలిప్ లెవీన్, రూఫస్ స్టెట్సన్ అనే ఇద్దరు వైద్యులు ఆమె రక్తాన్ని పరీక్షించి, బిడ్డ తండ్రి నుంచి తెచ్చుకున్న ఏదో ఒక గుర్తుకు ఆమె శరీరం ఎదురు తిరిగిందని 1939లో రాశారు. ఆ గుర్తుకు అప్పటికింకా పేరు లేదు. ఇందులోంచి మనకొక హెచ్చరిక ఉంది. భార్యకు రక్తం కావాలంటే భర్త ముందుకొచ్చి ‘నాది తీసుకోండి’ అంటాడు. అతని ప్రేమను తప్పుపట్టను. కానీ పిల్లలు పుట్టే వయసులో ఉన్న భార్యకు భర్త రక్తం ఎక్కించకూడదు. అతను రక్తనిధికి ఇస్తే ఇంకొకరికి పనికొస్తుంది, ఆమెకు వేరే రక్తం తీసుకోవాలి.

మందు కనిపెట్టడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరంలో సిరిల్ క్లార్క్ అనే వైద్యుడికి సీతాకోకచిలుకల వంశపారంపర్యం మీద మక్కువ. ఆ దారినే రక్తపు గ్రూపుల జన్యువుల్లోకి వచ్చాడు. ఆయనా, రొనాల్డ్ ఫిన్ అనే యువ వైద్యుడూ ఒకవైపు, న్యూయార్కులో ఫ్రేడా, గోర్మన్, పోలాక్ అనే ముగ్గురు ఇంకోవైపు, ఒకే ఆలోచనకు వచ్చారు. యాంటీబాడీలు బిడ్డకు హాని చేసే మాట నిజమే. కానీ కాన్పు కాగానే బయటినుంచి కొద్దిగా అవే యాంటీబాడీలు తల్లికి ఇస్తే, ఆమె ఒంట్లోకి జారిన బిడ్డ కణాలను అవి ముందే తొలగిస్తాయి. ఊరి కావలివాడు మేలుకునేలోపే వచ్చిన కొత్తవాళ్ళను పొలిమేర దాటించినట్టన్నమాట. కావలివాడికి వాళ్ళ ముఖం గుర్తుండదు. 1968లో అమెరికాలో ఈ ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది.

మరి ఆ యాంటీబాడీలు ఎక్కడినుంచి వస్తాయి? మనుషుల ప్లాస్మా నుంచే. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయనకు పద్నాలుగేళ్ళప్పుడు ఛాతీకి పెద్ద ఆపరేషన్ జరిగి చాలా రక్తం ఎక్కించారు. పద్దెనిమిది నిండగానే తానూ ఇస్తానని 1954లో మొదలుపెట్టాడు. ఆయన ప్లాస్మాలో ఈ యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నాయని తేలింది. 81 ఏళ్ళ వయసులో, 2018లో, ఇక చాలని వైద్యులు ఆపేవరకు 1,173 సార్లు ఇచ్చాడు. 24 లక్షల మంది బిడ్డలకు మేలు జరిగిందని అక్కడి రెడ్‌క్రాస్ లెక్క. 2025 ఫిబ్రవరిలో నిద్రలోనే కన్నుమూశాడు. ఈనాడు మన దేశంలో ప్లాస్మా నుంచి తీసినదే కాకుండా, ప్రయోగశాలలో కణాలను పెంచి చేసిన యాంటీ-డి కూడా దొరుకుతోంది.

ఈ ఇంజెక్షన్ ఎంత పనిచేస్తుందో అంకెల్లో చెబుతాను. నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుట్టి, ఇంజెక్షన్ పడకపోతే, తల్లీబిడ్డల ఎ, బి, ఓ గ్రూపులు కుదిరినచోట నూటికి సుమారు 16 మందిలో యాంటీబాడీలు ఏర్పడతాయి. కాన్పయ్యాక 72 గంటల్లోపు ఒక్క మోతాదు పడితే అది రెండు శాతం లోపుకు దిగుతుంది. ఏడో నెలలోది కూడా కలిస్తే వెయ్యికి రెండో మూడో. చివరి మూడు నెలల్లో మాయ దగ్గర తెలియకుండా బిడ్డ రక్తం కొద్దిగా లీకయ్యే అవకాశం ఉంది గనుకనే ఆ ఏడో నెల మోతాదు.

నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం ఒకటుంది. ఈ మందు ఎదురుగా ఉన్న బిడ్డ కోసం కాదు. తల్లి కోసం కూడా కాదు. ఇంకా కడుపున పడని, ఎప్పుడో రెండేళ్ళకో మూడేళ్ళకో రాబోయే బిడ్డ కోసం. పుట్టిన బిడ్డ ఒళ్ళో కేరుమంటోంది, తల్లి క్షేమంగా ఉంది, అందరూ సంతోషంగా ఉన్నారు. అలాంటప్పుడు రెండు మూడు వేలు పెట్టి మందుల షాపులో ఒక ఇంజెక్షన్ కొనుక్కు రమ్మంటే అత్తగారికి అది దండగ ఖర్చులాగే కనిపిస్తుంది. ‘మా కాలంలో ఇయ్యన్నీ యాడుండాయమ్మా? మేం కన్లేదా పిల్లల్ని?’ అంటుంది. కన్నారు పెద్దమ్మా, నిజమే. ఎంతమందిని పూడ్చుకున్నారో కూడా మీకే తెలుసు. యాంటీబాడీలు ఒకసారి తల్లి ఒంట్లో పుట్టాక ఈ ఇంజెక్షన్ ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. పోయిన అవకాశం ఇక తిరిగి రాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పురుడు పోసుకునే తల్లికి మందులు, పరీక్షలు, రక్తం ఉచితంగా అందాలని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. అడగండి. అడిగి తీసుకోండి.

ఇళ్ళలో బయటికి చెప్పుకోని గర్భాలు ఉంటాయి. వాటినీ లెక్కలో వేయాలి. మూడో నెలలో కడుపు పోయింది, ఎవరికీ చెప్పలేదు. మాత్రలు మింగి తీయించుకుంది, మొగుడికి తప్ప తెలియదు. గర్భసంచిలో కాకుండా ట్యూబులో పెరిగిందని ఆపరేషన్ చేశారు. వీటిలో కూడా బిడ్డ రక్తం తల్లిలోకి చేరవచ్చు. 12 వారాలు దాటాక కడుపు పోయినా, రక్తస్రావం అయినా, ఆటోలోంచి పడి కడుపుకు దెబ్బ తగిలినా ఇంజెక్షన్ కావాలి. 12 వారాల లోపు గర్భస్రావాలకు ఇది అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇప్పటికీ ఇస్తున్నారు. ఆ నిర్ణయం మీ డాక్టరుకు వదలండి, కానీ విషయం మాత్రం దాచకండి. డాక్టరు అడిగినప్పుడు అత్తగారిని కాసేపు బయట కూర్చోమనే హక్కు మీకుంది.

‘రెండో కాన్పుతో ఆపరేషన్ చేయించుకుంటున్నాం, ఇక ఇది ఎందుకు’ అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు 2004 డిసెంబరు 26 గుర్తుచేయాలనిపిస్తుంది. ఆ సునామీ మన తీరాన్నీ తాకింది. మనకు దక్షిణాన తమిళనాడులో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు, ఆపరేషన్ అయిపోయినవాళ్ళు, మళ్ళీ ట్యూబులు కలిపించుకోవడానికి ఆసుపత్రులకు వచ్చారు. అక్కడి ప్రభుత్వం ఆ ఖర్చు భరించింది. సముద్రం ఒడ్డున బతికే మనం ‘ఇక మాకు కాన్పు లేదు’ అని అంత గట్టిగా ఎలా చెప్పగలం?

తుపాన్ల సంగతీ అంతే. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు రోడ్లు మునిగాయి, కరెంటు పోయింది. ఈ ఇంజెక్షన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉంచాలి. కరెంటు లేని ఊళ్ళో అది పాడవుతుంది. పులికాట్ సరస్సులో ఇరకం లాంటి దీవిలో ఉన్నవాళ్ళకు ఆసుపత్రి అంటే ముందు పడవ ఎక్కాలి. అందువల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెలలు నిండబోయే నెగెటివ్ తల్లిని వాయుగుండం వార్త రాగానే పట్నానికి చేర్చండి. ఏ కారణం చేతనైనా 72 గంటలు దాటిపోతే ‘ఇంకేం లాభం’ అని వదిలేయకండి. పది రోజుల లోపు వేసినా కొంత రక్షణ ఉంటుంది. రొయ్యల గుంటల గట్ల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలు, ఇటుక బట్టీలకు వలస పోయేవాళ్ళు, మీరు ఎక్కడికి కదిలినా ఆ కార్డు మీ వెంటే ఉండాలి. కార్డు తడిసి పోతుందనుకుంటే మొగుడి ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

మేనరికాల గురించి కూడా అడుగుతుంటారు. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకుంటే నెగెటివ్ సమస్య పెరుగుతుందా అని. నిజానికి నెగెటివ్ అమ్మాయి దగ్గర బంధువును చేసుకుంటే అతనిలోనూ ఆ నెగెటివ్ జన్యువు ఉండే అవకాశం బయటివాడికన్నా ఎక్కువ. అతను కూడా నెగెటివే అయితే పిల్లలంతా నెగెటివే, ఇంజెక్షన్ అవసరమే రాదు. అలాగని మేనరికం చేసుకోమని కాదు, వేరే వంశపారంపర్య జబ్బుల ముప్పు అందులో ఉంది. ఈ జన్యువుల లెక్కను జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1942లోనే వేశాడు. ఈ జబ్బుతో పోయే ప్రతి బిడ్డా తండ్రి పాజిటివ్ జన్యువు ఒకటి, తల్లి నెగెటివ్ జన్యువు ఒకటి, రెండూ తీసుకునిపోతుందని ఆయన చూపించాడు. ఆయన తర్వాత మన దేశానికే వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలో మేనరికాల మీద పరిశోధన చేశాడు. ఈ విద్యకు మన నేలతో ఇంత దగ్గరి చుట్టరికం ఉందని చెప్పుకోవడం నాకు ఇష్టం.

ఇప్పుడు బాలింతల ఇంట్లో ఉన్న అమ్మమ్మలకు ఒక మాట. పసిబిడ్డల్లో ఎక్కువమందికి రెండో రోజో మూడో రోజో కొద్దిగా కామెర్లు కనిపించి తగ్గిపోతాయి. పుట్టిన 24 గంటల్లోపే బిడ్డ పచ్చబడితే అది అలాంటిది కాదు. కడుపులో ఉన్నప్పుడు ఆ పసుపును మాయ తల్లికి చేరవేస్తుంది, తల్లి కాలేయం దాన్ని వదిలించేస్తుంది. అందుకే జబ్బున్న బిడ్డ కూడా పుట్టగానే పచ్చగా కనిపించదు, బొడ్డు కోశాక గంటల్లో రంగు మారుతుంది. ‘పొద్దుటెండలో పెడితే పోతుందిలే’ అని ఆగవద్దు. వెలుతురుకు పసుపును తగ్గించే గుణం ఉన్న మాట వాస్తవమే. ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు పసిబిడ్డలను ఆరుబయట ఎండలో తిప్పుతూ, ఎండ తగిలినచోట బిడ్డ చర్మం తెల్లబడటం 1956లో గమనించింది. ఈనాటి నీలి దీపాల చికిత్స ఆమె చూపులోంచే పుట్టింది. కానీ మొదటి రోజు కామెర్లకు పెరటి ఎండ చాలదు. ఆసుపత్రిలో రక్త పరీక్ష, దీపాలు, ఒక్కోసారి బిడ్డ రక్తమంతా మార్చడం కూడా అవసరమవుతుంది.

ఇక, ఇప్పటికే యాంటీబాడీలు ఏర్పడిన తల్లులు వింటూ ఉండవచ్చు. మొదటి కాన్పులో ఇంజెక్షన్ పడనివాళ్ళు, కారణం తెలియకుండా బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళు. మీకూ దారి ఉంది. ఐసీటీ అనే రక్త పరీక్షలో యాంటీబాడీలున్నాయని తేలితే, కడుపులో బిడ్డకు రక్తం తగ్గుతోందా లేదా అన్నది స్కానింగులో పట్టుకుంటారు. రక్తం పలచబడిన బిడ్డకు మెదడులోని రక్తనాళంలో ప్రవాహం వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని కొలుస్తారు. ప్రమాదమనిపిస్తే తల్లి పొట్ట మీదుగా సూది పంపి, బొడ్డుతాడులోని నాళంలోకి, కడుపులో ఉన్న బిడ్డకే రక్తం ఎక్కిస్తారు. న్యూజిలాండులోని ఆక్లాండులో విలియం లైలీ 1963లో మొదటిసారి దీన్ని చేసి బిడ్డను బతికించినప్పుడు ఇప్పటిలాంటి స్కానింగు యంత్రాలు లేవు. ఎక్స్‌రే చూసుకుంటూ బిడ్డ పొట్టలోకి రక్తం పంపాడు. ఈరోజు చెన్నైలో, హైదరాబాదులో ఈ చికిత్స చేసే కేంద్రాలున్నాయి. బిడ్డ ఒంటికి నీరు పట్టకముందే మొదలుపెడితే, అనుభవమున్న చోట నూటికి 90 మందికి పైగా బిడ్డలు దక్కుతున్నారు. నెల్లూరు నుంచి చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణం. గర్భం నిలిచిన తొలి నెలల్లోనే డాక్టరుకు పాత కాన్పుల సంగతి చెబితే ఆ ప్రయాణానికి సమయం ఉంటుంది.

అలా కడుపులోని బిడ్డకు ఎక్కించేది ఓ నెగెటివ్ రక్తం. కాన్పులో రక్తస్రావమైన నెగెటివ్ తల్లికి కావలసిందీ నెగెటివ్ రక్తమే. నూటికి 5 మందే ఉన్న గ్రూపు గనుక అర్ధరాత్రి అది దొరకడం కష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది గదా, బోట్లు ఒడ్డున ఉంటాయి. మైపాడులోనో, జువ్వలదిన్నెలోనో, తూపిలిపాలెంలోనో ఆ రోజుల్లో ఇంటిపట్టున ఉండే మగవాళ్ళంతా దగ్గరి ఆరోగ్య కేంద్రంలో గ్రూపు పరీక్ష చేయించుకోండి. భార్య నెగెటివ్ అయితే మీ గ్రూపు తెలియడం డాక్టరుకు ఎంతో సాయం. మీరే నెగెటివ్ అని తేలితే, నెల్లూరు రెడ్‌క్రాస్ రక్తనిధిలో పేరు, ఫోన్ నంబరు రాయించి రండి. వేటకు పోయే రోజుల్లో ఫోను అందదు కాబట్టి, ఒడ్డున ఎప్పుడు ఉంటారో కూడా అక్కడ చెప్పండి.